సగం కాగిన నగారా

‘పిలవవలసిన పేరు’ ధారావాహిక, పదకొండవ భాగం

గడిచిన వారం బాబూలాల్ నాయక్ పూల్‌సింగ్ ఇంటి అరుగు మీద కూర్చుని, ఇచ్చిన చాయ్ పూర్తిగా తాగి, ఒక గడువు పెట్టి వెళ్ళాడు. ఆదివారం పొద్దు నడినెత్తికి వచ్చేలోగా తండాలో నగారా మోగించగల చెయ్యి ఏదో తేలాలి. తేలకపోతే ఈ ఏడు తీజ్ పండుగకు ఎల్లారెడ్డి నుంచి డీజే డబ్బాలు దిగుతాయి. అసలు నగారా తోలు ఎండాకాలంలో నిలువునా చీలింది. పెద్దకొడప్‌గల్‌లో తోలు బిగించే మనిషి పోయాక ఆ పని తెలిసినవారు మళ్ళీ దొరకలేదు. తోలు ఉన్నా కొట్టే చెయ్యి లేదు. కిందటి చలికాలంలో పక్షవాతం పూల్‌సింగ్ కుడిచేతిని సగం తీసుకుపోయింది. ఇవన్నీ విన్న తరువాత అతని మనుమరాలు సునీల, తాత నగారా తన కంప్యూటరులో ఉందని, రబ్బరు ప్యాడ్ల మీద కొడితే అందులోంచి మోగుతుందని చెప్పింది. నాయక్ నవ్వలేదు. ఒక షరతు మాత్రం పెట్టాడు. డబ్బా అయినా సరే, దానిలోంచి వచ్చే ప్రతి దెబ్బ వెనుకా పేరు పెట్టి పిలవగల చెయ్యి ఉండాలి. ఆ తండాలో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లే మొదటి రోజున, పాట ఎత్తుకోవడానికి ముందు, నాయక్ లేచి నిలబడి నగారా కొట్టే మనిషి పేరు మూడుసార్లు పిలుస్తాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ పేరు పూల్‌సింగ్.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ప్రవీణ్ కారు లింగంపేట దాటి, ఎల్లారెడ్డి ఇంకా కొంత దూరం ఉండగానే మట్టిబాటలోకి దిగింది. ప్రవీణ్ సదాశివనగర్‌లో భూమి ఉన్న ఇంటి పిల్లవాడు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, టైర్ల దుకాణం మీది అంతస్తులో అతనికి పాటలు రికార్డు చేసే గది ఉంది. పెళ్ళి పాటలు, ఎన్నికల పాటలు, దేవుళ్ళ పాటలు అన్నీ అక్కడే తయారవుతాయి. సునీల అక్కడ నాలుగేళ్ళుగా పని చేస్తోంది. గది అతనిదే అయినా అందులోని యంత్రాలు ఎవరి మాట వింటాయో ప్రవీణ్‌కు తెలుసు. ఆ సంగతి ఒప్పుకునేంత మంచితనం అతనికి ఉంది. రోజంతా గుర్తుంచుకునేంత ఓపిక లేదు.

ఆ గదిలోని కంప్యూటరులో కొని తెచ్చిన వాద్యాలు వందలకొద్దీ ఉన్నాయి. వీణకు దాన్ని వాయించినవారి పేరుంది. పియానోకు దాన్ని తయారు చేసిన ఊరి పేరు కూడా ఉంది. అన్నిటికీ అడుగున ‘గిరిజన డ్రమ్ము, నాలుగు’ అని ఒకటి ఉంది. ఏ గిరిజనులో, ఏ డ్రమ్మో, కొట్టిన చెయ్యి ఎవరిదో ఎక్కడా లేదు. మొదటి మూడూ ఏమయ్యాయో కూడా లేదు. రెండేళ్ళ కిందట సునీల ఆ వరుస చదివి, కుర్చీలోంచి లేచి, మైకు సంచిలో పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సు ఎక్కింది. మూడు సాయంత్రాలు తాత నగారాను రికార్డు చేసి, ఒక్కొక్క దెబ్బనూ విడిగా కోసి, నాలుగు వందల పన్నెండు దెబ్బలను వరుసలుగా పేర్చింది. తోలు బిగిసేందుకు కొట్టే ముందు నగారాను మంట మీద కాస్తారు; సగం కాగిన తోలు దెబ్బలు ఒక వరుస, పూర్తిగా కాగిన తోలు దెబ్బలు ఒక వరుస. ప్రతి వరుసలోనూ మెత్తని దెబ్బ నుంచి నిండు దెబ్బ దాకా మెట్లు. సగం కాగిన వరుసలో నిండు దెబ్బలు దొరకలేదు కనుక, పై మెట్లను కాగిన తోలు దెబ్బలతోనే, స్వరం కాస్త దించి, నింపింది. ప్రతి దెబ్బ పక్కనా పూల్‌సింగ్ అని టైపు చేసింది. ఆ నాలుగు వందల పన్నెండు పేర్లను చూసినప్పుడల్లా ఆమెకు వెన్ను నిటారుగా నిలబడేది.

రేకుల పందిరి కింద నులక మంచం వేసి, దాని మీద రెండు ప్యాడ్లు పరిచారు. ఒకటి ఎడమచేతికి, ఒకటి కుడిచేతికి. ప్రవీణ్ స్పీకరును మొరం దిబ్బ మీద నిలబెట్టాడు. పూల్‌సింగ్ తెల్లటి తలపాగా చుట్టుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. కర్రలు తనవే తెచ్చుకున్నాడు. ఎడమచేత్తో కొట్టాడు. రెండేళ్ళ కిందటి తన నగారా, తన పందిరి కింద, ఉరిమింది. అతని ముఖంలో ఏ మార్పూ లేదు, కాని గడ్డం ఒక అంగుళం పైకి లేచింది. తరువాత కుడిచేత్తో కొట్టాడు. ఎవరో గోడ అవతల గుమ్మడికాయను తట్టినట్టు ఒక చప్పుడు వచ్చింది.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే గుమ్మడికాయ.

ఇందులో యంత్రం చేసిన మోసం ఏమీ లేదు. ప్యాడ్ మీద పడిన ప్రతి దెబ్బకూ అది ఒక అంకె వేస్తుంది. ఒకటి అతి మెత్తన, నూట ఇరవై ఏడు అతి గట్టి. ఆ అంకెను చూసి కంప్యూటరు ఏ మెట్టు దెబ్బను మోగించాలో ఎంచుకుంటుంది. ఎడమచేతికి నూట పది పడింది. కుడిచేత్తో పూల్‌సింగ్ తన శక్తినంతా పెట్టి కొట్టినదానికి యాభై ఒకటి పడింది. యాభై ఒకటికి రావలసిన మెత్తని దెబ్బే వచ్చింది.

ప్రవీణ్ దగ్గర దీనికి సిద్ధంగా ఉన్న మందు ఒకటుంది.

“తాతా, గింత ఆలోచన ఎందుకు? ఒక్క బటన్ నొక్కితె నువ్వు ఎట్ల కొట్టినా నూట ఇరవై ఏడే పడ్తది. ఈగ వాలినా ఉరిమినట్టే ఉంటది.”

నొక్కాడు. పూల్‌సింగ్ కుడిచేత్తో నాలుగు దెబ్బలు కొట్టాడు. నాలుగూ ఉరిమాయి, నాలుగూ ఒకే తీరుగా, ఒకే ఎత్తులో, ఇటుకలు పేర్చినట్టు. అయిదో దెబ్బను అతను కావాలని మెల్లగా, కర్ర మొన ఆనించి వదిలాడు. అదీ ఉరిమింది. అతను కర్రను మంచం పట్టె మీద జాగ్రత్తగా పడుకోబెట్టాడు.

“ఈగ వాలినా ఉరుముతదంటివి గదా బిడ్డా. అట్లయితె ఈగనే పిలువు. నేనెందుకు?”

గుమ్మంలో కూర్చుని జొన్నలు చెరుగుతున్న ధన్లి, పూల్‌సింగ్ భార్య, చేట ఆపకుండానే నవ్వింది. ప్రవీణ్ కూడా నవ్వబోయి, సునీల ముఖం చూసి ఆపుకున్నాడు. ఆమె అప్పటికే ల్యాప్‌టాప్ ముందుకు జరిగింది. తెర మీద ఒక చతురస్రం ఉంది. అందులో ఒక మూల నుంచి ఎదుటి మూలకు వాలుగా గీసిన తిన్నని గీత ఉంది. ఎంత బలంగా కొడితే అంత గట్టిగా మోగాలి అన్నది ఆ గీతకు అర్థం. కామారెడ్డి గదిలో నాలుగేళ్ళుగా ఆ గీతను ముట్టుకునే అవసరం ఎవరికీ రాలేదు. అది ప్రకృతి గీసినదని, దానిని అందుకోలేని చెయ్యిదే లోపమని ప్రవీణ్‌లాగే ఆమె కూడా అనుకుంటూ వచ్చింది.

“అన్నా, ఈ గీత ఎవని చెయ్యి చూసి గీసిన్రో నీకు ఎరుకనా?” అంది.

తెలియదన్నాడు.

“నాకు గూడ తెల్వదు. మా దాదా చెయ్యి చూసి మాత్రం కాదు.”

తరువాతి గంట సేపు జరిగిన పనిని బయటి నుంచి చూసేవారికి అక్కడ ఏ పనీ జరుగుతున్నట్టు తోచదు. ఒక ముసలి మనిషి కుడిచేత్తో ఒక దెబ్బ కొడతాడు. ఒక పడుచుపిల్ల, ఇది నిండు దెబ్బా, సగమా, తాకి పలకరించడమా అని అడుగుతుంది. స్పీకరు మూసి ఉంది; విని మోసపోకుండా, తన భుజంలో ఏమి అనిపించిందో అదే చెప్పమని ఆమె షరతు. అతను చెబుతాడు. ఆమె అంకె రాసుకుంటుంది. నలభై దెబ్బల తరువాత ఆమె ముందున్న కాగితం మీద పూల్‌సింగ్ కుడిచెయ్యి మొత్తం ఉంది. పలకరింపు తొమ్మిది దగ్గర మొదలవుతుంది. నిండు దెబ్బ యాభై రెండు దగ్గర ముగుస్తుంది. సగం దెబ్బలన్నీ ముప్ఫైకీ నలభైకీ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. అక్కడ అంకెకూ అంకెకూ మధ్య అతని భుజం చూపగల తేడా చాలా చిన్నది, కాని తేడా ఉంది. ఆ తేడాను అతను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. చెయ్యి బలం పోయింది కాని చేతిలోని తీర్పు చెక్కు చెదరలేదు.

సునీల ఆ తిన్నని గీతను పట్టుకుని వంచింది. తొమ్మిదిని అడుగు మెట్టు మీద, యాభై రెండును నూట ఇరవై ఏడు మీద నిలబెట్టింది. ముప్ఫైకీ నలభైకీ మధ్య గీతను నిటారుగా లేపింది, అక్కడ చిన్న తేడా కూడా పెద్దగా వినిపించేటట్టు. అది కుడి ప్యాడ్‌కు మాత్రమే. ఎడమ ప్యాడ్ గీతను కొద్దిగా అణిచింది. ఈ ఏడాదంతా రెండు చేతుల పనీ ఒక్కటే చేసి ఎడమచెయ్యి మొరటుదేరింది.

స్పీకరు తెరిచారు. పూల్‌సింగ్ కర్ర తీసుకున్నాడు.

మొదటి వరుసకే ప్రవీణ్ గోడకు ఆనించిన వీపును ఎత్తాడు. నాలుగో వరుసకు పక్కింటి ఆడవాళ్ళు పొయ్యి వదిలి వచ్చారు. నిండు దెబ్బ నిండుగా, సగం దెబ్బ సగంగా, మధ్యలో విడిచిన ఖాళీ ఖాళీగా వినిపిస్తున్నాయి. తడబాటు కూడా ఒకచోట తడబాటుగానే వినిపించింది. అతను దాన్ని దాచలేదు, తరువాతి వరుసలో సరిదిద్దుకున్నాడు. ఎవరో జాలిపడి ఇచ్చినది అందులో ఒక్క దెబ్బ కూడా లేదు. ముగించి, చెమట తుడుచుకోకుండా, మనుమరాలి వైపు చూశాడు.

“ఇది నేను,” అన్నాడు.

కథ ఇక్కడ ఆగితే అందరికీ సుఖంగా ఉండేది. కాని యంత్రానికి ఒక బొడిపె ఉంది. దాన్ని తిప్పితే నగారా సగం కాగిన వరుస నుంచి పూర్తిగా కాగిన వరుసకు మెల్లగా మారుతుంది. అంతవరకు దాన్ని చివరి దాకా తిప్పి ఉంచారు. తీజ్ పాట మొదట చిన్నగా ఎత్తుకుని పోనుపోను పెరుగుతుంది కనుక, ఆ బొడిపె ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎవరు పట్టుకోవాలన్నది సునీలకు ప్రశ్నే కాదు. ఆ ఇంట్లో మంట ఎప్పుడూ ధన్లిదే. ఇంటి వెనుక కట్టెలు పేర్చి, నగారాను తిప్పుతూ కాచి, ముందరికి తెచ్చి భర్త చేతికి అందించేది ఆమె. ధన్లి చేట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

“ఇది తిప్పితె మంట పెరుగుతదా?”

“పెరుగుతది దాదీ.”

“పొగ?”

“పొగ ఉండదు.”

“అట్లయితె పాట వినుకుంట ఏడ్చి, పొగ పట్టిందని కండ్లు తుడుచుకునేటోల్లు ఇగ ఏం చెప్తరో చూడాలె,” అంది ధన్లి, ఎవరి వైపూ చూడకుండా.

పూల్‌సింగ్ ఆ మాట విననట్టు కర్ర సవరించుకున్నాడు. ఆమె బొడిపెను అడుగు దాకా దించింది. అతను పాట మొదలుకు తగినట్టు కుడిచేత్తో తాకి పలకరించాడు. స్పీకరులోంచి ఒక దెబ్బ వచ్చింది. లోతైన, ఇంకా తడి ఆరని, ఏదో అడుగుతున్నట్టుండే దెబ్బ. అతను ఆగాడు. ఇంకొకటి కొట్టాడు. ఇంకొకటి. కర్ర దించాడు.

“ఇది నాది కాదు.”

గీత తప్పిందేమోనని సునీల తెర చూసింది. అంకె సరిగానే పడింది. దెబ్బ సంఖ్య రెండు వందల పదిహేడు, రెండో సాయంత్రం రికార్డు చేసినది, పక్కన పేరు పూల్‌సింగ్. అది నీదే దాదా అని ఆమె మెల్లగా చెప్పింది.

“సగం కాగిన నగారా మీద నేను ఎన్నడు కర్ర పెట్టలె. అట్ల కొడితె నగారాకు మర్యాద తీసినట్టు. నాది కాదన్న గదా.”

సునీలకు ఆ సాయంత్రం అప్పుడు పూర్తిగా కనిపించింది. మంట చిటపటలు దగ్గరగా పడకుండా మైకును ఇంటి వెనుక గోడకు కట్టి, తాను యంత్రంతో లోపలి గదిలో కూర్చుంది. తలుపు మూసి ఉంది. చెవుల్లోకి మెత్తని దెబ్బలు వచ్చాయి. తాత తోలును చూసుకుంటున్నాడనుకుని సంతోషంగా దాచుకుంది. అయిదో తరగతి నుంచి హాస్టళ్ళలో పెరిగిన పిల్ల. ఇంటి వెనుక మంట దగ్గర ఏమి జరుగుతుందో సెలవుల్లో వచ్చిపోయే పిల్లకు తెలియవలసినంత తెలియలేదు. ఆమె తల తిప్పి నాయనమ్మను చూసింది. ధన్లి బొడిపె మీది నుంచి చెయ్యి తీయలేదు.

“కాగిందో లేదో కంటితోని ఎట్ల తెలుస్తది?” అంది ధన్లి. గొంతు పెంచలేదు. “కొట్టి చూసిన. ముప్ఫై ఎనిమిదేండ్లు కొట్టి చూసినంకనే నీ చేతికిచ్చిన. కాగిందని నాకు ఎట్ల ఎరుకనో నువ్వు ఒక్కపారన్న అడిగినవా?”

“అది కొట్టుడు కాదు,” అన్నాడు పూల్‌సింగ్. “కాచుడు.”

“పేరు నీ ఇష్టమున్నది పెట్టుకో. చెయ్యి నాది.”

ఇందులో దాచిన రహస్యం ఏదీ లేదు, అదే ఇక్కడి విషయం. ఇంటి వెనుక నుంచి వచ్చే ఆ దెబ్బలను ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తండా అంతా విన్నది. పూల్‌సింగ్ ముందర కూర్చుని తలపాగా చుట్టుకుంటూ విన్నాడు. పొయ్యి మీద ఎసరు మరుగుతున్న చప్పుడును ఎవరూ వాద్యం అనరు. దీన్నీ అలాగే విని, అలాగే వదిలేశారు. సునీల వరుసలు తెరిచి లెక్కపెట్టింది. నాలుగు వందల పన్నెండులో అరవై మూడు. అరవై మూడు దెబ్బల పక్కన ఆమె తన వేళ్ళతో తాత పేరు రాసింది. పేరు లేని డ్రమ్మును చూసి కోపంతో బస్సెక్కిన మనిషి, తిరిగి వచ్చి తన ఇంట్లో అదే పని చేసింది. ఆ డ్రమ్మును అమ్మిన కంపెనీవాళ్ళకు కనీసం ఆ చెయ్యి తమ నాయనమ్మది కాదు.

పూల్‌సింగ్ ఆ అరవై మూడింటినీ తీసెయ్యమన్నాడు. సునీల తీసింది. అతను మళ్ళీ పాట ఎత్తుకున్నాడు. బొడిపె అడుగున ఉన్నంతసేపు ఎంత పలకరించినా ఏమీ రాలేదు. సగం పైకి తిప్పాక నగారా ఒక్కసారిగా మీద పడ్డట్టు మోగింది. పిలుపు లేని పాట. ఇంట్లోకి అడుగు పెట్టకుండానే విస్తరి ముందు కూర్చున్న చుట్టంలా ఉంది అది. రెండోసారి కూడా అంతే. ప్రవీణ్ కామారెడ్డి గదిలో ఉన్న వేరే డ్రమ్ము మెత్తని దెబ్బలు నాలుగు తెచ్చి అతికిద్దామా అని అడిగాడు. వెంటనే తానే వద్దులే అన్నాడు.

పూల్‌సింగ్ కర్ర కింద పెట్టి, అవి మళ్ళీ పెట్టమన్నాడు. రెండు వందల పదిహేడును ఒక్కదాన్నే వినిపించమన్నాడు. మూడుసార్లు విన్నాడు. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాడు.

“ఈ దెబ్బ నాకు రాదు,” అన్నాడు. ధన్లి తల వంచుకుని చేట వైపు నడిచింది. అంతకంటే పెద్ద మాట ఆ నోటి నుంచి ఆమె ఎన్నడూ వినలేదు.

పన్నెండు కావడానికి పది నిమిషాలుండగా బాబూలాల్ నాయక్ వచ్చాడు. యాభై దాటిన మనిషి; మాట తూచి వేస్తాడు, వేసినది వెనక్కు తీసుకోడు. అరుగు మీద కూర్చుని పాట మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. మొదటి మెత్తని దెబ్బలకు అతని ముఖం ఒక్క క్షణం పసివాడి ముఖమైంది. ఈ చప్పుడు వినగానే తన తల్లి గోధుమ బుట్ట ఎత్తుకుని బయలుదేరేదని చెప్పాడు. తరువాత పూల్‌సింగ్ కుడిచేతిని దగ్గరగా చూశాడు, స్పీకరును చూశాడు, లేచాడు.

“కాకా, డబ్బాల ఉన్నది నీ చెయ్యే. నాకేం అనుమానం లేదు. మొదటి నాడు నీ పేరే పిలుస్త.”

పని అయిపోయింది. డీజే రాదు. పూల్‌సింగ్ నోరు మూసుకుని ఉంటే చాలు.  సునీల తాను చెప్పాలని లేచింది, కాని ఆమె నోరు తెరిచేలోగా తాత మాట వినిపించింది.

“నిలువు నాయక్. ప్రతి దెబ్బ వెనుక పేరు ఉండాలంటివి. పిలిచేది రెండు పేర్లు.”

“రెండోది ఎవరిది?”

పెళ్ళయిన నాటి నుంచి పూల్‌సింగ్ భార్యను పేరు పెట్టి పిలవలేదు. ఓయ్ అన్నాడు, ఏమే అన్నాడు, సునీల పుట్టాక సునీల దాదీ అన్నాడు. పరాయి మగవాని ముందు ఆ పేరు పలకడం ఆ వయసువారికి మర్యాద కాదు. అతను పీట మీద నుంచి, ఎవరి ఆసరా లేకుండా, ఎడమచేత్తో గుంజ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“ధన్లి,” అన్నాడు.

 జరిగినదంతా అతను నాలుగు మాటల్లో చెప్పాడు. బాబూలాల్ మళ్ళీ కూర్చున్నాడు. అతను కోపగించలేదు, న్యాయంగా ఆలోచించాడు, అందువల్లే అతని మాటకు ఎదురు చెప్పడం కష్టమైంది. ఇంటి వెనుక కాచినవారిని పిలిచే ఆనవాయితీ లేదు. పదిమంది ముందర కొట్టినవారినే పిలుస్తారు. ఆ దెబ్బ ఆమెదని భర్త అంటున్నాడు, మనుమరాలు అంటోంది, యంత్రం అంటోంది. తాను కళ్ళతో చూడలేదు. ఆమె నాయక్ వాకిట్లో, నలుగురు పెద్దల ముందు కొట్టాలి. ఈ దెబ్బే రావాలి. వస్తే రెండు పేర్లూ పిలుస్తాడు. రాకపోతే, తెలియని చెయ్యి కలిసిన డబ్బా తండాలో మోగదు, పూల్‌సింగ్ పేరు కూడా పిలవడు. రేపు పొద్దున రమ్మన్నాడు.

“రేపెందుకు నాయక్?” ధన్లి గుమ్మం దిగింది. “గడువు ఇయ్యాల్టికి గదా పెట్టినవు.”

నాయక్ ఎదురుపడినప్పుడల్లా ముసుగు లాక్కునే మనిషి, ఆ పూట లాక్కోలేదు. మంచం మీద తన వైపు ఉన్న ప్యాడ్‌ను, వైరుతో సహా, చంకన పెట్టుకుంది. మిగిలినవి పట్టుకుని రమ్మని ప్రవీణ్‌కు తలతో సైగ చేసి నడిచింది. ప్రవీణ్ స్పీకరు భుజాన వేసుకుని, “అవ్వ నడక చూస్తె మనం కచేరికి పోతున్నట్టే ఉన్నది,” అన్నాడు. సునీల ల్యాప్‌టాప్ తెరిచే పట్టుకుని వెనుక పరుగెత్తింది. ఆమెకు ఆ నడకను చూస్తూ ఉండిపోవాలనిపించింది. అరవై మూడు దెబ్బలు, ఒక్కొక్కటీ తలెత్తుకుని, ముందు నడుస్తున్నాయి.

నాయక్ వాకిలి మూడిళ్ళ అవతల. పెద్దలు వచ్చారు, వారి వెనుక తండాలో సగం వచ్చింది. పూల్‌సింగ్‌కు కుర్చీ వేశారు, అతను కూర్చోలేదు. ప్యాడ్‌ను బల్ల మీద పెట్టి వైరు కలిపారు. బొడిపె అడుగున ఉంది. ధన్లి కొంగు నడుముకు దోపుకుని బల్ల ముందు నిలబడింది. సునీల యథాలాపంగా తెర వైపు చూసింది, చూసిన చోటే ఉండిపోయింది.

ధన్లి తెచ్చినది కుడి ప్యాడ్. ఎడమది మంచం మీదే ఉంది.

తెర మీద వంచిన గీత అలాగే ఉంది. పూల్‌సింగ్ జబ్బు చెయ్యి కోసం వంచిన గీత. నలభై ఏళ్ళు కట్టెలు కొట్టి, నీళ్ళు మోసి, బరువైన నగారాను మంట మీద తిప్పిన ధన్లి చెయ్యి ఎంత మెత్తగా తాకినా యాభై రెండు దాటుతుంది. దాటిందంటే యంత్రం పై మెట్టుకు ఎక్కుతుంది. సగం కాగిన వరుసలో పై మెట్లు ధన్లివి కావు. అవి స్వరం దించి నింపిన పూల్‌సింగ్ దెబ్బలు. తండా అంతా చూస్తుండగా ఆమె కొడుతుంది, మోగేది భర్త చెయ్యి.

సునీల వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి.

“మిషన్ను ముట్టకు బిడ్డా,” అన్నాడు బాబూలాల్. అతని గొంతులో కఠినం లేదు. “నువ్వు ముట్టినంక వచ్చిన దెబ్బ ఆమెదంటె ఎవరు నమ్ముతరు?”

ప్యాడ్ ఆమె చేతికి తగినట్టు లేదని, ఒక్క నిమిషం ఇస్తే సరిచేస్తానని సునీల చెప్పింది. ఆమె గొంతు ఆమెకే సాకులా వినిపించింది. పెద్దల్లో ఒకరు పక్కవారి చెవిలో ఏదో అన్నారు, ఇద్దరూ చిన్నగా నవ్వారు. ఇదే మిషన్‌లోంచి పూల్‌సింగ్ చెయ్యి వచ్చింది కదా, ఆమెది కూడా అట్లాగే రావాలి అన్నాడు నాయక్. వాకిట్లో అందరికీ అది న్యాయంగానే తోచింది. ల్యాప్‌టాప్‌ను ప్రవీణ్ చేతికి ఇమ్మన్నాడు. ప్రవీణ్ అందుకున్నాడు. అతనికి ఏమీ అర్థం కాలేదు.

“నా చెయ్యికి సరిచేసుడేంది?” అంది ధన్లి మనుమరాలి వైపు చూసి. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. ముప్ఫై ఎనిమిదేళ్ళు తప్పని చేతిని మొదటిసారి ఇంటి పిల్లే అనుమానించింది.

సునీల కాదని తల ఊపింది. ఎలా చెప్పాలో, ఎన్ని మాటల్లో చెప్పాలో వెతుక్కుంటూ ఉండగానే నాయనమ్మ ముఖం తిప్పుకుని, బల్ల మీదికి వంగి, చెయ్యి ఎత్తింది.